వర్సిటీకి వినతిపత్రం రాద్దాం: మన పల్లె పిల్లలకి ఇంజనీరింగ్ దారి ఎక్కడ తెగిపోతోంది?

లెక్కలమాస్టారు (లావేరు మండలం)

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మన వైపు ఇంజనీరింగ్ సీట్లకి కరువు లేదు. విజయనగరం ద్వారపూడిలో 2007లో జేఎన్టీయూ కాలేజీ పెట్టారు. 2022లో అది జేఎన్టీయూ గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమే అయింది. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో ట్రిపుల్‌ఐటీ ఉంది. ప్రైవేటులో చింతలవలస ఎంవీజీఆర్, రాజాం జీఎంఆర్‌ఐటీ రెండూ 1997 నుంచి నడుస్తున్నాయి. టెక్కలిలో, జొన్నాడలో, చిలకపాలెంలో కూడా కాలేజీలున్నాయి. మా స్కూలు ముందు ఆటో ఎక్కితే చిలకపాలెం జంక్షన్‌లో దిగొచ్చు. అయినా మా పిల్లల్లో బీటెక్ పూర్తి చేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జేఎన్టీయూ గురజాడకి ఒక వినతిపత్రం రాద్దామని ఉంది. ఒక్క షరతు: వర్సిటీ తన చేతులతో చేయగలిగినవే అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, కొత్త కాలేజీలు, ఇలాంటి అర్జీలకి గుమ్మం వేరే. మీకు తెలిసినవి చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, వర్సిటీ ఏటి చేస్తాది? ఎనిమిదో తరగతి గుంటడికి భిన్నాలు కూడటం రాదు. ఆడికి ఇంజనీరింగ్ దారి ఎచ్చెర్లలోనో ద్వారపూడిలోనో తెగిపోలేదు, మీ క్లాసులోనే తెగిపోనాది. కోపం తెచ్చుకోకండి, నేనూ రిటైరైన పంతుల్నే.

లెక్కలమాస్టారు

కోపమెందుకండీ, సగం నిజమే. కానీ నా క్లాసులో భిన్నాలే కాదు, త్రికోణమితి కూడా బాగా చేసే పిల్లలున్నారు. ఏటా ఉంటారు. వాళ్లెక్కడికి పోతున్నారన్నదే నా బాధ. ఒకడు చెన్నైలో సెంట్రింగ్ పనికి, ఒకమ్మాయి పెళ్లికి, ఒకడు దగ్గర్లో డిగ్రీకి.

వంశధార_ఒడ్డు (ఊరు నరసన్నపేట దగ్గర, ఉద్యోగం బెంగళూరు)

నేను ట్రిపుల్‌ఐటీలో చదివాను. శ్రీకాకుళం పేరుతో 2016లో సీట్లిచ్చారు గానీ మొదట్లో మమ్మల్ని నూజివీడులో కూర్చోబెట్టారు, మన జిల్లా క్యాంపస్‌కి తర్వాత వచ్చాం. అది పాత కథ.

చెప్పాల్సింది వేరే ఉంది. ఈ దారి పదో తరగతి మార్కులతోనే తెరుచుకుంటుంది. రెండేళ్లు పీయూసీ (మన ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే గేటు లోపల. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కోచింగ్ అక్కర్లేదు. కోవిడ్ వల్ల 2020, 2021లో మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టారు, ఆ తర్వాత మళ్లీ మార్కులే. పైగా హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువైనందుకు అదనపు మార్కులు, కలుపుతారు. జీపీఏ రోజుల్లో అది 0.4. పది పాయింట్ల మీద 0.4 అంటే కటాఫ్ దగ్గర వందల మందిని దాటేయడమే.

ఇంత ఉన్నా మా ఊళ్లో నా తర్వాతి బ్యాచ్‌ల పిల్లలకి ఈ 4 శాతం సంగతే తెలీదు. రిజల్ట్ వచ్చాక దరఖాస్తుకి కొద్ది వారాలే టైమ్. ఆ టైమ్‌లో బడికి వేసవి సెలవులు, మాస్టార్లు ఊళ్లో ఉండరు. నెట్ సెంటర్ వాడికి తోచింది నొక్కుతాడు.

పలాస_జీడిమామిడి

మావోడికి అలగే అయింది. నెట్ సెంటర్లో ఫోటో సరిగ్గా ఎక్కలేదు, ఇంక వదిలీ అన్నాడట. వదిలీసాడు. ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తన్నాడు. తెలివైనోడే, ఆ ఫ్యాక్టరీ లెక్కలు చూస్తే తెలుస్తాది.

ఇచ్ఛాపురం_చివర

ట్రిపుల్‌ఐటీ మాట వచ్చింది కాబట్టి నా అనుమానం ఒకటి. అది మన జిల్లాలో ఉంది, మన పిల్లలకి ఎక్కువ సీట్లు రావాలి కదా? మా వీధిలో ఒక్కరికీ రాలేదు. గుంటూరు, ఒంగోలు పిల్లలు బస్సుల్లో దిగుతున్నారు.

కోటజంక్షన్ (విజయనగరం, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను)

చాలామంది ఇక్కడే పొరబడతారు. మన రాష్ట్రంలో 'లోకల్' అంటే జిల్లా కాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం మొత్తం ఒకే లోకల్ ఏరియా. పాత లెక్కలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, రెండు గోదావరులు, కృష్ణా, గుంటూరు, ప్రకాశం. ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం ఆ లోకల్ వాళ్లకి, 15 శాతం అందరికీ. అంటే ద్వారపూడిలో సీటుకి చీపురుపల్లి పిల్లాడూ ఒంగోలు పిల్లాడూ ఇద్దరూ స్థానికులే. ట్రిపుల్‌ఐటీలోనూ జిల్లాకింత అన్న కోటా లేదు. మార్కులు, కేటగిరీ, పెట్టుకున్న ఆప్షన్, వీటితోనే క్యాంపస్ వస్తుంది.

కనుక వినతిపత్రంలో "మా జిల్లాకి కోటా ఇవ్వండి" అని రాస్తే వర్సిటీ వాళ్లు చదివి పక్కన పెడతారు. వాళ్ల చేతిలో లేదది.

ఇచ్ఛాపురం_చివర

అలాగా. మరి మా వైపు ఇంకో తంటా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మాకు ఒడిశాలోని బరంపురం దగ్గర, శ్రీకాకుళం దూరం. చాలామంది పిల్లలు ఇంటర్ అక్కడే చదువుతారు. తీరా కౌన్సెలింగ్‌లో స్టడీ సర్టిఫికెట్లు అడిగితే నాన్‌లోకల్ అంటున్నారు. ఊరు ఆంధ్రాలో, ఓటు ఆంధ్రాలో, పిల్లాడు మాత్రం నాన్‌లోకల్!

కోటజంక్షన్

రూలు అదే. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. లేదంటే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. అమ్మానాన్నలు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు సర్టిఫికెట్ తెస్తే ఆ 15 శాతం సీట్లకి పోటీ పడొచ్చు. వలసపోయిన కుటుంబాల పిల్లలకీ ఇదే దెబ్బ. హైదరాబాద్‌లో, చెన్నైలో పనులకి వెళ్లినవాళ్లు పిల్లల్ని వెంట తీసుకెళ్తారు కదా. మన దగ్గర సగం ఊళ్లు అవే.

రూలు మార్చమని అడగలేం గానీ, పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే ఈ మాట ఇంట్లో చెప్పే మనిషి కావాలి. అప్పటికి చేతిలో నాలుగేళ్లుంటాయి.

నాగావళి_గట్టు

అదే నేనూ చెప్తన్నది. తొమ్మిదో తరగతి. ఇంజనీరింగ్ అక్కడ మొదలవ్వాలి.

మన్యంగాలి (సీతంపేట పై ఊరు, బీటెక్ థర్డ్ ఇయర్ ఈఈఈ)

అందరికీ నమస్తే. ఇంతవరకు ట్రిపుల్‌ఐటీ, ఈఏపీసెట్ గురించే మాట్లాడారు. నేను ఆ రెండు దారుల్లోనూ రాలేదు.

మాది సవర గిరిజన కుటుంబం. ఆశ్రమ పాఠశాలలో పది చదివాను. మా వార్డెన్ మేడమ్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాయించారు. 120 మార్కులు, అన్నీ పదో తరగతి లెక్కలు, సైన్సే. సీతంపేటలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది కాబట్టి ఇంట్లో ఒప్పుకున్నారు. మూడేళ్లు డిప్లొమా చేసి ఈసెట్ (డిప్లొమా వాళ్లకి బీటెక్ ప్రవేశ పరీక్ష) రాశాను. 200 మార్కుల్లో 100 మన బ్రాంచి సబ్జెక్టులే, అంటే మూడేళ్లు చదివినదే. ఈసెట్ వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోవచ్చు, దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. ప్రతి కాలేజీలో దీనికి 10 శాతం అదనపు సీట్లుంటాయి, మొదటి ఏడాది ఖాళీ అయినవి కూడా కలుస్తాయి.

ఈ దారి మా వాళ్లకి ఎందుకు సరిపోతుందంటే, మధ్యలో ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంటర్ చదివి ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోతే చేతిలో ఏమీ ఉండదు. మా నాన్న అడిగింది కూడా అదే, "మూడేళ్లకి పని దొరుకుతాదా?" అని.

కానీ చేరాక నాకు చుక్కలు కనిపించాయి. నా పక్కన కూర్చున్నవాళ్లు ఫస్ట్ ఇయర్‌లో రెండు మ్యాథ్స్ పేపర్లు చదివి వచ్చారు. నాకు ఇంటిగ్రేషన్ డిప్లొమా స్థాయిదే వచ్చు. సార్ బోర్డు మీద లాప్లాస్ మొదలుపెడితే క్లాసంతా రాసుకుంటోంది, నేను చూస్తూ ఉన్నాను. పైగా ఇంట్లో సవర, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. వైవాలో, అంటే ల్యాబ్ మౌఖిక పరీక్షలో, మోటారు ఎందుకు తిరగట్లేదో నాకు తెలుసు, చేత్తో చూపించగలను, చెప్పలేను. ఎక్స్‌టర్నల్ సార్ "నెక్స్ట్" అనేవారు.

వర్సిటీ ఒక్కటి చేస్తే చాలు. లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లకి క్లాసులు మొదలవ్వకముందు మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు పెట్టాలి. కాగితం మీద కాదు, నిజంగా.

లెక్కలమాస్టారు

అమ్మా, నీ పోస్టు అచ్చంగా వినతిపత్రంలో పెట్టేస్తాను, అనుమతి ఉంటే.

మన్యంగాలి

ఊరు పేరు రాయకుండా పెట్టండి మాస్టారూ.

వంశధార_ఒడ్డు

చెల్లీ, నువ్వు చెప్పిన వైవా సంగతి ట్రిపుల్‌ఐటీలోనూ అంతే. మేం తెలుగు మీడియం వాళ్లం మొదటి సెమిస్టర్ అంతా వెనక బెంచీలోనే. 2021లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ) ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి అనుమతిచ్చింది, తెలుగులో పుస్తకాలూ వచ్చాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్‌కి కూడా తెలుగు అనువాదాలున్నాయి. వాడుకోవచ్చు కదా.

కోటజంక్షన్

తెలుగు మీడియం బీటెక్ నాకు ఇష్టం లేదు, సూటిగా చెప్తున్నా. మన పిల్లాడు ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్లాలి, పుణె వెళ్లాలి. తెలుగు సెక్షన్ అని ఒకటి పెడితే అందులోకి ఎవర్ని తోస్తారో నాకు తెలుసు.

నాగావళి_గట్టు

మరి ఇంగ్లీషు సెక్షన్లో కూర్చున్న పిల్లకి ఏటి అర్థమవుతున్నాదట? ఇప్పుడే రాసింది కదా ఆ అమ్మాయి. చదవలేదేటి?

కోటజంక్షన్

చదివాను గురువు గారూ. నేననేది ఏమిటంటే, పరీక్ష ఇంగ్లీషులోనే ఉండాలి, పాఠం తెలుగులో విప్పి చెప్పాలి. మా కాలేజీలో నేను చెప్పేది అలాగే. పైనుంచి ఇన్‌స్పెక్షన్ వస్తే మాత్రం అందరం ఇంగ్లీషు దొరలమైపోతాం. వర్సిటీ ఒక్క సర్క్యులర్ ఇస్తే ఈ నాటకం తప్పుతుంది: మొదటి సెమిస్టర్ ట్యుటోరియల్స్‌లో తెలుగు వాడొచ్చు అని. ఖర్చు లేదు, ఎవర్నీ విడదీయడం లేదు.

ఇంకోటి. ఏఐసీటీఈ ఫస్ట్ ఇయర్‌లో మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. ఎక్కువ చోట్ల ఆ మూడు వారాలు ముఖ్య అతిథులు, శాలువాలతో అయిపోతాయి. అందులో రెండు వారాలు మ్యాథ్స్‌కి, ల్యాబ్‌లో చేతులు పెట్టడానికి ఇస్తే సరి. జేఎన్టీయూ గురజాడ కాలేజీలకి అనుబంధం (అఫిలియేషన్) ఇచ్చే విశ్వవిద్యాలయం కాబట్టి, మన ఉత్తరాంధ్రలో దాని కింద ఉన్న కాలేజీలన్నీ ఆ మాట వినాలి. దాని అసలు బలం అక్కడుంది, ద్వారపూడి భవనాల్లో కాదు.

పైడిభీమవరం_షిఫ్ట్

నా లాంటోళ్ల మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తన్నా. డిప్లొమా చేసి ఫార్మా కంపెనీలో పనిలో చేరిపోయా. బీటెక్ లేక ప్రమోషన్ లేదు. పని ఒగ్గీసి చదవలేను, ఇంట్లో ముగ్గురు నా మీదే ఉన్నారు. ఏటి దారి?

కోటజంక్షన్

ఉంది తమ్ముడూ. 2023-24 నుంచి ఏఐసీటీఈ పనిచేసేవాళ్లకి సాయంత్రం క్లాసులతో బీటెక్‌కి అనుమతిస్తోంది. డిప్లొమా, ఏడాది అనుభవం ఉండాలి. మొదట్లో కాలేజీకి 50 కిలోమీటర్ల లోపు కంపెనీలో పనిచేస్తూ ఉండాలన్నారు. పైడిభీమవరం నుంచి విజయనగరం ఆ లోపే. చిక్కల్లా ఒకటే, కాలేజీ ముందుకొచ్చి అడిగితేనే ఆ కోర్సు వస్తుంది. పైడిభీమవరంలో, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ వైపు డిప్లొమా వాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క తీయలేదు. లెక్క తీస్తే కాలేజీలే పరిగెత్తుకొస్తాయి.

పైడిభీమవరం_షిఫ్ట్

మా షిఫ్టులు వారానికోలా మారతాయి సార్. బి షిఫ్ట్ వారంలో సాయంత్రం క్లాసుకి ఎలగ వస్తాను?

కోటజంక్షన్

మంచి ప్రశ్న. శని, ఆదివారాల్లో పెట్టమని అడగాలి. మాస్టారూ, రాసుకోండి.

పలాస_జీడిమామిడి

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో ఇళ్లు గుల్లయిపోయాయి. నీళ్ల మీద, ఆ జబ్బు మీద ఎంతమందో వచ్చి పరిశోధనలు చేసెళ్లారు. మన కాలేజీ పిల్లలు ప్రాజెక్టంటే హైదరాబాద్‌లో కొనుక్కొస్తారు గానీ మా ఊరి వాటర్ ప్లాంటు ఎలగ పనిచేస్తోందో వచ్చి చూడరు. జీడి గింజ కొట్టే మెషీన్లు మా దగ్గరే ఉన్నాయి, ఆడోళ్ల చేతులు జీడిరసంతో కాలిపోతన్నాయి. ప్రాజెక్టుకి అంతకంటే ఏటి కావాలి?

వంశధార_ఒడ్డు

బావుంది బావా. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్‌లో కాలేజీలు ఊళ్లని దత్తత తీసుకోవాలి. ఒక కాలేజీ మా పక్క ఊరిని తీసుకుంది. ఒక మొక్క నాటారు, బ్యానర్ కట్టి ఫోటో దిగారు. మొక్క ఆవు తినేసింది.

నిర్వాహకుడు

కాలేజీ పేరు రాయనందుకు సంతోషం. కింద కామెంట్లలో కూడా రాయకండి, తొలగిస్తాను.

గజపతినగరం_అమ్మ

ఇన్ని మాట్లాడారు, ఆడపిల్లల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మా అమ్మాయి రోజూ బస్సు మీద వెళ్లొస్తుంది. 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేదు, మంచిదే. కానీ ల్యాబ్ సాయంత్రం ఆలస్యంగా వదిలితే మా ఊరి పల్లెవెలుగు వెళ్లిపోతుంది. ఇంక జంక్షన్లో ఆటో కోసం నిలబడాలి. మా వదిన కూతురు చదువు ఆపింది దీనికే, ఫీజుకి కాదు. హాస్టల్లో పెట్టే స్థోమత ఉంటే ఈ గొడవే లేదు.

అప్పట్లో హాస్టల్ ఖర్చులకని ప్రభుత్వం ఇచ్చే వసతి దీవెన కింద ఏడాదికి 20,000 వచ్చేవి. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకి ఏడాదికి 50,000 అట, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, ఇంటికి ఇద్దరికి. ఇది కాలేజీ వాళ్లు చెప్పలేదు, యూట్యూబ్‌లో చూశాను. చూసేసరికి గడువు దాటింది.

మన్యంగాలి

అవునప్పా, డిప్లొమాకి కూడా ప్రగతి ఉంది. నాకు మా పాలిటెక్నిక్‌లో సీనియర్ అక్క చెప్పింది. చెప్పేవాళ్లు ఉన్నచోట వస్తోంది, లేనిచోట లేదు.

నాగావళి_గట్టు

సర్టిఫికెట్ల సంగతి కూడా పెట్టండి మాస్టారూ. మా మనవడి కాలేజీలో ప్రభుత్వం డబ్బు రాలేదని పిల్లల ఒరిజినల్స్ ఆపేశారు. పేరు చెప్పను. కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అనుబంధ వర్సిటీ అన్నాక అది చూడాలా వద్దా?

లెక్కలమాస్టారు

ఇది వర్సిటీ చేయగలిగిన పనే. రాశాను.

రాత్రి ఒక చిత్తు తయారుచేశాను. జిల్లా కోటా, తెలుగు మీడియం బీటెక్ తీసేశాను, వాటి మీద ఏకాభిప్రాయం లేదు. ఉంచినవి:

"మే, జూన్ నెలల్లో ప్రతి మండలంలో ఒక అనుబంధ కాలేజీ తన కంప్యూటర్ ల్యాబ్ తెరిచి, ట్రిపుల్‌ఐటీ, పాలీసెట్ దరఖాస్తులు ఉచితంగా పెట్టించాలి. ఆ పని సీనియర్ విద్యార్థులకి అప్పగించి, దానికి క్రెడిట్ ఇవ్వాలి. లేటరల్ ఎంట్రీ విద్యార్థులకి క్లాసులకి ముందే మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు. మొదటి సెమిస్టర్ ట్యుటోరియల్స్‌లో తెలుగుకి అనుమతి. శని, ఆదివారాల్లో పనిచేసేవారి బీటెక్ కోసం కనీసం ఒక కాలేజీని ఒప్పించడం. ల్యాబ్ వేళలు ఆఖరి బస్సుని చూసి పెట్టడం. ఒరిజినల్స్ ఆపే కాలేజీల మీద చర్య."

ఇంకేమైనా మిగిలిందా?

వంశధార_ఒడ్డు

ఈఏపీసెట్ మాక్ టెస్టులు కలపండి. 160 ప్రశ్నలు, మూడు గంటలు, కంప్యూటర్ మీద. ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలు చాలామంది పరీక్ష రోజే మొదటిసారి మౌస్ పడతారు. తప్పుకి మార్కు కోత లేదని తెలియక ఖాళీలు వదిలేసినవాళ్లనీ చూశాను. ఈఏపీసెట్‌ని ఏళ్లుగా జేఎన్టీయూలే నడుపుతున్నాయి, ఆదివారం ల్యాబ్ తెరవడం వాళ్లకి పెద్ద పనేం కాదు.

కోటజంక్షన్

మాస్టారూ, ప్రతి మండలంలో కాలేజీ ఎక్కడుంది? సంతబొమ్మాళి, మెళియాపుట్టి, కొత్తూరు, భామిని వైపు ఏమీ లేదు. అక్కడ హైస్కూలు కంప్యూటర్ గదే దిక్కు. "కాలేజీ లేని మండలంలో దగ్గరి కాలేజీ వాళ్లు హైస్కూలుకి రావాలి" అని మార్చండి. లేదంటే టెక్కలిలో, రాజాంలో ఫోటోలు దిగి అయిపోయిందనిపిస్తారు.

నాగావళి_గట్టు

జీడి మెషీన్ సంగతి ఏదీ? ఉద్దానం నీళ్లు? తీసీసారేటి?

లెక్కలమాస్టారు

తీసేయలేదండీ, మర్చిపోలేదు కూడా. అది ప్రవేశం సంగతి కాదు కదా అని ఆగాను.

పలాస_జీడిమామిడి

ప్రవేశం సంగతే మాస్టారూ. కాలేజీ పిల్లలు మా ఫ్యాక్టరీకి మెషీన్ పని మీద వస్తే, అక్కడ గింజలు ఏరుతున్న గుంటలు ఇంజనీర్ అంటే ఎవరో కళ్లతో చూస్తారు. ఇప్పటిదాకా మా గుంటలు చూసిన ఇంజనీరు కరెంటు బిల్లు మీద గొడవకొచ్చిన ఏఈ ఒక్కడే.

లెక్కలమాస్టారు

పెట్టేస్తున్నాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో కొన్ని ఇక్కడి పనుల మీదే ఉండాలి, ఆ ఊరి హైస్కూలు పిల్లల్ని పిలిచి చూపించాలి. కోటజంక్షన్ గారూ, మండలాల మార్పు, మాక్ టెస్టులు కూడా కలిపాను. సంతకాలకి కాగితం ఎక్కడ పెడదాం? శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా మిత్రుడి స్టేషనరీ షాపు ఉంది.

గజపతినగరం_అమ్మ

విజయనగరం వాళ్లకి కూడా ఒకచోట పెట్టండి, శ్రీకాకుళం రాలేం. ల్యాబ్ వేళల వాక్యం మాత్రం పైకి తీసుకురండి, చివర్లో ఉంటే చదవరు.

పైడిభీమవరం_షిఫ్ట్

మా లైన్‌లో డిప్లొమా వాళ్ల పేర్లు నేను తీస్తా. ఎన్ని కావాలి సార్?

కోటజంక్షన్

ముప్ఫై దాటితే నేనే మా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తాను. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, ప్రైవేటు మెసేజ్‌లో పంపండి. బ్రాంచి, చేరిన ఏడాది, కంపెనీ సర్వీస్ సర్టిఫికెట్ ఉందో లేదో కూడా రాయండి.